చప్పుడా, అలికిడా: భయపెట్టే సన్నివేశానికి శబ్దాన్ని ఎంచుకోవడం

రాత్రి పదకొండు దాటింది. వంటింట్లో ఒకామె గిన్నెలు సర్దుతోంది. నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది. ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు నెమ్మదించి, చివరి చుట్టు కిర్రుమంటూ తిరిగి ఆగిపోయాయి. అప్పటిదాకా ఉన్నా వినపడని కుళాయి చుక్క ఇప్పుడు వినపడుతోంది. పక్కగదిలో గోడగడియారం వినపడుతోంది. పెరటి తలుపు అవతల ఏదో కదిలింది.

నేను సౌండ్ ఎడిటింగ్ చేస్తాను. హారర్ లఘుచిత్రాలు తీసే కుర్రవాళ్లు నా దగ్గరికి తెచ్చే సన్నివేశాలు చాలావరకు ఇలాగే ఉంటాయి: ఒక ఇల్లు, ఒక మనిషి, ఒక తలుపు. అడిగే ప్రశ్న కూడా ఒకటే. ఇక్కడ సంగీతం పెట్టాలా, ఒక్కసారిగా పెద్ద శబ్దం వేయాలా, ఏమీ లేకుండా వదిలేయాలా? ఈ వంటింటి సన్నివేశాన్నే ముందు పెట్టుకుని, ఒక్కో దారినీ దాని మీద ప్రయోగించి చూద్దాం. ఏది ఎక్కడ పనిచేస్తుందో, ఏది ఎంత ఖర్చు పెట్టిస్తుందో అప్పుడు తెలుస్తుంది. ఖర్చు అంటే డబ్బు ఒక్కటే కాదు. ప్రేక్షకుడి ఓపిక కూడా ఖర్చయ్యేదే.

తెలుగులో చెవికి సంబంధించిన మాటలకు కొదవ లేదు: చప్పుడు, సవ్వడి, మోత, రొద, హోరు, గుసగుస. వాటన్నిటిలో ఒక మాట వేరుగా నిలబడుతుంది. అలికిడి. గిన్నె కిందపడినా చప్పుడే, గాలికి కిటికీ కొట్టుకున్నా చప్పుడే. అలికిడి అంటే మాత్రం ఎవరో ఉన్నారన్న జాడ. "ఇంట్లో అలికిడి లేదు" అన్నామంటే మనుషులెవరూ లేరని అర్థం. హారర్‌కు శబ్దం ఎంచుకునేటప్పుడు నేను పట్టుకునే కొలబద్ద ఈ మాటే. వినపడింది చప్పుడుగా మిగిలితే ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు, మరుక్షణం మరచిపోతాడు. అలికిడిగా అనిపిస్తే ఊపిరి బిగబట్టి, మళ్లీ ఎప్పుడు వినపడుతుందా అని చెవి ఒగ్గుతాడు. ఆ చెవి ఒగ్గడంలోనే భయం పుడుతుంది.

ముందు తేల్చుకోవలసింది

ఏ శబ్దమో ఆలోచించే ముందు ఒక్క సంగతి కాగితం మీద రాసుకోమని చెబుతాను. ఈ క్షణంలో ప్రేక్షకుడికి పాత్ర కంటే ఎక్కువ తెలుసా, అంతే తెలుసా, తక్కువ తెలుసా?

పెరట్లో ఎవరో ఉన్నారని ప్రేక్షకుడికి ముందే చూపించారు, ఆమెకు తెలియదు. అప్పుడు సంగీతానికి చోటుంది. సంగీతం ఆమెకు వినపడదు, మనకు వినపడుతుంది. మనకు తెలిసినదాన్ని అది పదే పదే గుర్తుచేస్తుంది. ఆమెకు తెలిసినంతే మనకూ తెలుసనుకోండి, ఆమె చెవులే మన చెవులు కావాలి. ఆమెకు వినపడనిది ఏదీ మనకు వినపడకూడదు. ఇక ఆమెకు తెలిసిన విషయం మనకు తెలియదనుకోండి, కనపడకుండా వినపడే గొంతు, పేరు పెట్టి పిలిచే పిలుపు, ఆమె మాత్రమే తల తిప్పి చూసే శబ్దం పనికొస్తాయి.

ఈ లెక్క తేలకుండా శబ్దాలు పేర్చుకుంటూ పోవడమే నేను ఎక్కువగా చూసే పొరపాటు. పెరటి తలుపు తెరవడానికి ఆమె భయపడుతుండగా వెనక వయొలిన్లు మూలుగుతుంటాయి. ఆమెకు ఏమీ తెలియదు, మనకూ ఏమీ తెలియదు, సంగీత దర్శకుడికి మాత్రం అన్నీ తెలుసు. అలాంటి సన్నివేశంలో భయం ఎవరిది?

ఒక్కసారిగా పేలే శబ్దం

అందరూ మొదట అడిగేది ఇదే కనుక ముందు దీని సంగతి చూద్దాం. హఠాత్తుగా వచ్చే పెద్ద శబ్దానికి ఒళ్లు అదరడం ఆలోచనతో పనిలేని ప్రతిస్పందన. సెకనులో చిన్న భాగం గడిచేలోపే కళ్లు మూసుకుంటాయి, మెడ, భుజాలు బిగుసుకుంటాయి. ఎంత ధైర్యవంతుడైనా ఇది తప్పదు. అందుకే ఈ ఉపాయం ఎప్పుడూ పనిచేస్తుందనిపిస్తుంది. అయితే ఈ ప్రతిస్పందనకు ఒక స్వభావముంది: అదే దెబ్బ మళ్లీ మళ్లీ తగిలితే శరీరం అలవాటు పడిపోతుంది. పది నిమిషాల చిత్రంలో నాలుగుసార్లు పేల్చారంటే నాలుగోసారి ప్రేక్షకుడు ఉలిక్కిపడడు, విసుక్కుంటాడు.

ఈ ఉపాయానికి మూలంగా సినిమావాళ్లు ఎప్పుడూ చెప్పుకునేది 1942 నాటి 'క్యాట్ పీపుల్'. జాక్ టూర్నర్ దర్శకుడు, వాల్ లూటన్ నిర్మాత. రాత్రివేళ ఒక యువతి పార్కు పక్కన ఒంటరిగా నడుస్తుంటుంది. వెనక మరో స్త్రీ మడమల చెప్పుల టకటక. కాసేపటికి ఆ వెనక అడుగులు ఆగిపోతాయి. ముందున్న ఆమె భయంతో అడుగు వేగం పెంచుతుంది. ఏ మృగమో మీద పడబోతోందని మనం బిగుసుకుని ఉండగా చెవులు చిల్లులు పడేలా బుస కొడుతూ తెరలోకి దూసుకొచ్చేది ఒక సిటీ బస్సు. అది బ్రేకుల బుస. ఆ తర్వాత లూటన్ బృందం ఇలాంటి ఏ ఉపాయాన్నయినా 'బస్సు' అనే పిలిచేది.

ఈ సన్నివేశాన్ని అందరూ బస్సు కోసం గుర్తుపెట్టుకుంటారు. నేను చూడమనేది బస్సుకు ముందున్న భాగం. సంగీతం లేదు. అడుగుల చప్పుడు మాత్రమే ఉంది. అందులోనూ కీలకం వెనక అడుగులు ఆగిపోవడం. వినపడుతున్నంతసేపు ఆమె ఎక్కడుందో మనకు తెలుసు. ఆగాక తెలియదు. చప్పుడు పోయాక అలికిడి మిగిలింది. బస్సు ఆ పోగుపడిన బిగువును ఒక్క దెబ్బతో వదిలించింది, అంతే.

కాబట్టి నా సలహా: పేలే శబ్దాన్ని చిత్రం మొత్తంలో ఒక్కసారి వాడండి. వాడేముందు కనీసం అర నిమిషం ప్రేక్షకుడు ఏదో ఒక చిన్న శబ్దాన్ని వెతుక్కునేలా చేయండి. ఇంకో సంగతి, పేలుడు ఎంత పెద్దదన్నది దాని ముందు ఎంత తగ్గించారన్నదాని మీద ఆధారపడుతుంది. చిత్రమంతా ఒకే మోతలో ఉంటే ఎంత పెంచినా దెబ్బ తగలదు. శబ్దస్థాయి చూపే మీటర్లో గీత పైకి వెళ్లడమే చూసుకుంటూ, ముందున్న నిమిషాన్ని తగ్గించడం మరచిపోయేవాళ్లు చాలామంది.

సంగీతం ఉండాలా, వద్దా

ఈ ప్రశ్నకు ఒకే దర్శకుడు మూడేళ్ల తేడాతో రెండు పూర్తి వ్యతిరేకమైన జవాబులిచ్చాడు. రెండూ సరైన జవాబులే. హారర్‌కు శబ్దం కూర్చే ప్రతి ఒక్కరూ ఈ రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టుకుని, కళ్లు మూసుకుని వినాలని నా కోరిక.

మొదటిది 1960లో వచ్చిన ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 'సైకో'. సంగీతం బెర్నార్డ్ హెర్మన్‌ది. ఆయన బృందంలో తీగ వాయిద్యాలు మాత్రమే ఉన్నాయి. బాకాలు లేవు, వేణువులు లేవు, డప్పులు లేవు. స్నానాల గది హత్య సన్నివేశంలో సంగీతమే వద్దని హిచ్‌కాక్ మొదట అనుకున్నాడు. నీళ్ల చప్పుడు, కత్తి, ఆమె అరుపు చాలన్నది ఆయన ఆలోచన. హెర్మన్ మాత్రం రాసి, వినిపించాడు. విన్నాక దర్శకుడు మనసు మార్చుకున్నాడు. పైస్థాయిలో కీచుమంటూ పదే పదే పొడిచే ఆ వయొలిన్లను సినిమా చూడనివాళ్లు కూడా గుర్తుపడతారు.

ఆ సంగీతం ఎందుకు పనిచేసింది? అక్కడ వేచి ఉండటం లేదు. దెబ్బ పడిపోయింది. ఆ నిమిషంలో ప్రేక్షకుడు ఆలోచించకూడదు, లోపలికి వెళ్లిపోవాలి. వయొలిన్లు కత్తిగానూ, పక్షి అరుపుగానూ, ఆమె గొంతుగానూ ఒకేసారి వినపడతాయి. గరుకుగా, వణుకుతూ ఉండే శబ్దాలు మన మెదడును వేరుగా తడతాయని పరిశోధకులు కూడా చెప్పారు. మనిషి కేకలో గట్టితనం సెకనుకు 30 నుంచి 150 సార్ల వరకు వేగంగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుందని, ఈ గరుకుదనమే మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే భాగాన్ని కదిలిస్తుందని 2015లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. అలారం మోతలోనూ ఇదే గుణం ఉంది. వయొలిన్ కమానును తీగకు గట్టిగా అదిమి లాగితే పుట్టే గీరుడు కూడా ఈ కోవలోనిదే.

రెండోది 1963లో వచ్చిన 'ది బర్డ్స్'. అందులో మామూలు అర్థంలో నేపథ్య సంగీతమే లేదు. పక్షుల అరుపులు, రెక్కల మోతలో చాలా భాగాన్ని ఆస్కార్ సాలా అనే జర్మన్ కళాకారుడు ట్రౌటోనియం అనే ఎలక్ట్రానిక్ వాయిద్యం మీద రెమీ గాస్‌మన్‌తో కలిసి సృష్టించాడు. 'సైకో'కు అన్ని వయొలిన్లు వాడిన హెర్మన్ ఈ చిత్రానికి శబ్ద సలహాదారు. ఒక సంగీత దర్శకుడు తన సంగీతం లేకుండా ఉండటానికి సలహా ఇవ్వడమన్నది నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం.

అందులో బడి సన్నివేశం చూడండి. కథానాయిక ఆవరణలో బెంచీ మీద కూర్చుని ఉంటుంది. లోపల పిల్లలు ఒకటే పాటను మళ్లీ మళ్లీ చరణాలు తిప్పుతూ పాడుతుంటారు. ఆమె వెనక, పిల్లలు ఎక్కి ఆడుకునే ఇనుప చట్రం మీద ఒక కాకి వాలుతుంది. తర్వాత మరొకటి. తర్వాత ఇంకొన్ని. అవి అరవవు. పాట ఆగదు. చివరికి ఆమె తిరిగి చూసేసరికి చట్రం నల్లబడిపోయి ఉంటుంది. ఇక్కడ బెదిరించే సంగీతం పెట్టి ఉంటే కాకుల సంగతి సంగీతమే చెప్పేసేది. పిల్లల పాట ఏమీ చెప్పదు. పైగా కాకుల రాకను అది కప్పేస్తుంది. పాట ముగిస్తే పిల్లలు బయటికి వస్తారని మనకు తెలుసు కనుక, పాట ఎప్పటికీ ముగియకూడదనిపిస్తుంది. నా దృష్టిలో హారర్ శబ్దం చేరిన పెద్ద ఎత్తుల్లో ఇది ఒకటి.

ఇప్పుడు ఎంపిక చేసుకోవడం తేలిక. దెబ్బ పడే క్షణానికి సంగీతం. దెబ్బ కోసం ఎదురుచూసే నిమిషాలకు సంగీతం లేకపోవడం, లేదా సన్నివేశంలోనే పుట్టే పాట, రేడియో, పక్కింటి టీవీ. మన ఊళ్లలో అయితే దూరంగా గుడి మైకులో వినపడే పాట, పెళ్లివారి ఇంటి మేళం ఉండనే ఉన్నాయి.

ఎదురుచూపుకు కూడా సంగీతం పనికొచ్చే సందర్భం ఒకటుంది. 1975 నాటి 'జాస్'లో జాన్ విలియమ్స్ రెండు స్వరాలతో సొరచేపను తెర మీదికి తెచ్చాడు. చేప కనపడదు, స్వరాలు దగ్గరవుతాయి, వేగం పెరుగుతుంది. ఇది ప్రేక్షకుడికి ఎక్కువ తెలిసిన పరిస్థితి, మనం ముందు చెప్పుకున్న లెక్క ప్రకారం సంగీతానికి తగిన చోటు. దీని వెనక ఒక నిజాయితీ ఉంది. ఇద్దరు కుర్రాళ్లు అట్టముక్క రెక్క పెట్టుకుని ఈతగాళ్లను భయపెట్టే సన్నివేశంలో ఆ స్వరాలు వినపడవు. సంగీతం అబద్ధం చెప్పదని ప్రేక్షకుడికి నమ్మకం కుదిరాక, ఒక చోట ఏ స్వరమూ లేకుండా చేప నీళ్లలోంచి తలెత్తుతుంది. నమ్మకం కుదిర్చి, తర్వాత ఒక్కసారే దాన్ని తప్పడం. లఘుచిత్రంలో దీనికి సమయం చాలదు. రెండు గంటల చిత్రం రాసుకుంటుంటే మాత్రం ఈ దారిని తప్పక ఆలోచించండి.

డబ్బు లేదు కనుక సంగీతం కుదరదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 1978లో జాన్ కార్పెంటర్ సుమారు 3 లక్షల డాలర్లతో 'హాలోవీన్' తీసి, సంగీతం తనే చేసుకున్నాడు. 5/4 తాళంలో పియానో మీద చిన్న వరుస. మామూలు నడకకు కాలు కలపలేని తాళం అది, అడుగు ఎప్పుడూ ఒక మాత్ర తేడాగా పడుతున్నట్టుంటుంది. మన ఖండగతి తెలిసినవాళ్లకు ఆ ఐదు మాత్రలు కొత్తేమీ కావు. మృదంగం వాయించే స్నేహితుడుంటే ఒక సాయంత్రం కూర్చుని ప్రయత్నించి చూడండి.

మన సినిమాల్లో ఇంకో ఎంపిక కూడా ఉంది: పాటలు. 2003లో రాంగోపాల్ వర్మ హిందీలో తీసిన 'భూత్'లో పాటలు లేవు. ఎదురుచూపు తెగకూడదనుకుంటే ఆ నిర్ణయం సరైనది. పాట తప్పదంటే దాన్నే భయానికి వాహనం చేయాలి. 1949 నాటి 'మహల్'లో లతా మంగేష్కర్ పాడిన ప్రసిద్ధమైన పాట మొదలయ్యేటప్పుడు ఆమె మైకుకు దూరంగా నిలబడి, పాడుతూ దగ్గరికి నడిచి వచ్చారు. ఆ భవంతిలో ఎక్కడో పుట్టి దగ్గరవుతున్న గొంతు అలా దొరికింది. దాదాపు ఎనిమిది దశాబ్దాల క్రితం గొంతు మార్చే ఏ యంత్రం లేకుండా చేసిన పని ఇది.

నిశ్శబ్దంలో రెండు రకాలు

ట్రాకులన్నీ తీసేసి సున్నా చేయడం ఒకటి. గదిలో సహజంగా ఉండే సన్నని ఊపిరి లాంటి శబ్దాన్ని ఉంచడం రెండోది. దాన్ని మేం రూమ్ టోన్ అంటాం. కుర్రవాళ్లు మొదటిదాన్ని నిశ్శబ్దమనుకుంటారు. ప్రేక్షకుడికి మాత్రం అది స్పీకర్ చెడిపోయినట్టు వినపడుతుంది. భయానికి బదులు చిత్రంలోంచి బయటికి వచ్చేస్తాడు.

పూర్తి సున్నాకు చోటే లేదని కాదు. 2018 నాటి 'ఎ క్వైట్ ప్లేస్'లో వినికిడి లేని అమ్మాయి పాత్ర ఉంది. ఆమె వినికిడి పరికరం పనిచేయనప్పుడు, ఆమె వైపు నుంచి చూసే షాట్లలో శబ్దం మొత్తం పోతుంది. అక్కడ సున్నాకు ఒక యజమాని ఉంది. ఆమెకు వినపడనిది మనకూ వినపడదు, వెనకే ఉన్న ప్రాణి మనకు కనపడుతుంది. సున్నా ఎవరిదో చెప్పగలిగితేనే వాడండి. చెప్పలేకపోతే రూమ్ టోన్ ఉంచండి.

షూటింగ్ చేసిన ప్రతి గదిలోనూ వెళ్లేముందు అందరినీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం ఖాళీ గదిని రికార్డు చేసుకోండి. ఫ్రిజ్ ఆపి ఒకసారి, నడిపి ఒకసారి. ఈ రెండు నిమిషాలకు తొందరపడి, తర్వాత ఎడిటింగ్‌లో గంటలు పోగొట్టుకున్నవాళ్లు ఎంతమందో.

చెవికి అందని హోరు

"19 హెర్ట్జ్ పెడితే దెయ్యం కనపడుతుందట కదా" అని అడుగుతుంటారు. ఈ మాటకు ఒక నిజమైన కథ ఉంది. (హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని ప్రకంపనలో చెప్పే లెక్క.) ఇంగ్లండులో విక్ టాండీ అనే ఇంజినీరు తను పనిచేసే ప్రయోగశాలలో కంటి చివర బూడిదరంగు ఆకారం చూశాడు, చెమటలు పట్టాయి. తర్వాత తేలింది, కొత్తగా బిగించిన గాలి తోడే ఫ్యాను ఆ గదిలో దాదాపు 19 హెర్ట్జ్ దగ్గర గాలిని కంపింపజేస్తోందని. 1998లో ఆయన దాన్ని ప్రచురించాడు. మనిషి చెవి వినగలిగేది సుమారు 20 హెర్ట్జ్ నుంచి. అంటే అది వినికిడి అంచుకు అవతల ఉంది. చాలా ఆకర్షణీయమైన కథ. అయితే ఆ తర్వాత పట్టుగా చేసిన ప్రయోగాల్లో అదే ఫలితం నిలకడగా రాలేదు. దాని మీద మీ చిత్రాన్ని నిలబెట్టకండి.

వినికిడి అంచున, అంటే 30, 40 హెర్ట్జ్ ప్రాంతంలో ఉండే హోరు మాత్రం పనిచేస్తుంది. ఛాతీలో తెలుస్తుంది, ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు. ఇంత లోతైన శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి గుర్తించలేదు, అలికిడికి ఇది ఎంతో అనుకూలం. అసలు చిక్కు దాన్ని పలికించడంలోనే ఉంది. ఫోను స్పీకరు సుమారు 200 హెర్ట్జ్‌కు దిగువన దాదాపు ఏమీ పలకదు. ఒక ప్రదర్శనలో మా హోరు మొత్తం మాయమైపోవడం నేను కళ్లారా చూశాను. ఆ హాల్లో సబ్ వూఫర్, అంటే లోతైన శబ్దాలు పలికించే స్పీకరు, ఆ రోజు పనిచేయలేదు. మేం మూడు రాత్రులు కూర్చుని కట్టిన సన్నివేశంలో ఒక మనిషి ఊరికే గోడవైపు చూస్తూ కూర్చున్నట్టుంది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

దీనికి విరుగుడు ఒకటుంది. 40 హెర్ట్జ్ హోరుతో పాటు దాని గుణిజాలైన 80, 120, 160, 200, 240 దగ్గర కూడా కొద్దికొద్దిగా శబ్దం కలపండి. చిన్న స్పీకరులో కింది శబ్దం పోయినా, పైనున్నవాటి వరుసను బట్టి చెవి ఆ మొదటిదాన్ని ఊహించుకుంటుంది. ఛాతీ అదరదు గాని, బరువు తెలుస్తుంది. థియేటర్ ప్రదర్శన ఖాయమైతే అసలు హోరుకు సమయం పెట్టండి. యూట్యూబ్‌లోనే పెడుతుంటే దీన్ని అలంకారంగా మాత్రమే చూడండి.

గొంతు

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే వాయిద్యాల కంటే ముందు మనిషి గొంతును ఎంచుకుంటాను. 1973 నాటి 'ది ఎగ్జార్సిస్ట్'లో పిల్ల నోట పలికే పిశాచం గొంతు మెర్సిడెస్ మెకేంబ్రిడ్జ్ అనే నటిది. గొంతును చెడగొట్టుకోవడానికి ఆమె పచ్చి గుడ్లు మింగారు, వరుసగా సిగరెట్లు కాల్చారు. అదే చిత్రంలో తల గిర్రున తిరిగేటప్పుడు వినపడే ఎముకల విరుపు ఒక పాత తోలు పర్సును మెలితిప్పి చేసింది. ఉత్తమ శబ్దానికి ఆస్కార్ అందుకున్న చిత్రంలో పర్సు ఉంది! జపాన్ చిత్రం 'జుఆన్'లో దయ్యం గొంతులోంచి వచ్చే ఆ విరిగిన గరగర దర్శకుడు తకాషి షిమిజు స్వయంగా చేసినదే.

కంప్యూటర్లో స్థాయి తగ్గించి లావు చేసిన గొంతుకూ, గొంతే అలా పలికిన గొంతుకూ తేడా ఎవరికైనా తెలుస్తుంది. మొదటిదాంట్లో యంత్రం వినపడుతుంది. రెండోదాంట్లో నొప్పి వినపడుతుంది. నాటకాల్లో, బుర్రకథల్లో, హరికథల్లో పనిచేసిన పెద్దవాళ్లు మన చుట్టూ ఉన్నారు. గొంతును ఎక్కడ తెంచాలో, ఎక్కడ ఊపిరిని మాత్రమే వదలాలో వాళ్లకు తెలుసు. గొంతు మార్చే ప్లగిన్‌కు, అంటే ఎడిటింగ్‌లో వాడే చిన్న సాఫ్ట్‌వేర్‌కు, పెట్టే డబ్బుతో అలాంటి ఒకరిని సాదరంగా పిలిచి, కూర్చోబెట్టి, గొంతు పాడవకుండా చూసుకుంటూ రికార్డు చేయండి. మెకేంబ్రిడ్జ్ చేసినవి ఎవరితోనూ చేయించకండి.

కొన్న శబ్దమా, పట్టుకున్న శబ్దమా

ఇంటర్నెట్లో దొరికే శబ్దాల నిధులు తక్కువ ఖర్చుతో, త్వరగా పని ముగిస్తాయి. వర్షం, ఉరుము, అద్దం పగలడం లాంటివాటికి నేనూ అవే వాడతాను. రాత్రి వాతావరణానికి మాత్రం వద్దు. ఆ నిధుల్లోని 'భయంకరమైన రాత్రి'లో తోడేళ్లు ఊళలు పెడతాయి, లూన్ అనే చల్లని దేశాల నీటిపక్షి ఏడుస్తుంది. గోదావరి పక్క ఊరిని చూపిస్తూ వాటిని వినిపిస్తే, ఎందుకో చెప్పలేకపోయినా చూసేవాళ్లకు నమ్మకం కుదరదు.

మన రాత్రులకు మన భయాలున్నాయి. వీధి చివర కుక్క ఏడిస్తే ఏదో కీడని పెద్దవాళ్లు అనుకునేవారు. తీతువు అరిస్తే చావు కబురని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బల్లి పలికితే ఏ దిక్కున పలికిందో చూసి అర్థం చెప్పడానికి పంచాంగంలో శాస్త్రమే ఉంది. ఇవి అర్థాలు అప్పటికే ఎక్కించుకున్న శబ్దాలు. ఒక్క తీతువు అరుపుతో నలభై ఏళ్లు దాటిన తెలుగు ప్రేక్షకుడికి మీరు పది వయొలిన్ల పని చేసిపెట్టవచ్చు. అవి దొరకాలంటే ఊరికి వెళ్లి, తెల్లవారుజామున పొలం గట్టున మైకు పట్టుకుని కూర్చోవాలి. కూర్చోండి. గాలికి మైకు మీద నురుగు తొడుగు మాత్రం మరచిపోవద్దు.

ఇంట్లో వస్తువులకూ ఇదే వర్తిస్తుంది. స్టాన్లీ కుబ్రిక్ 1980లో తీసిన 'ది షైనింగ్'లో పిల్లవాడు ఖాళీ హోటల్ వరండాల్లో మూడు చక్రాల బండి తొక్కుతాడు. చక్రాలు చెక్కనేల మీద గరగరమంటాయి, తివాచీ మీదికి రాగానే మూగబోతాయి, మళ్లీ గరగర. రెండు రకాల నేలలు, ఒక బండి. మలుపులో ఏముందో అన్న బెంగను ఈ రెండిటి మార్పే మోస్తుంది. మీ సన్నివేశం తీసే ఇంట్లో గచ్చు ఎక్కడుంది, చాప ఎక్కడుంది, ఏ తలుపు గడియ కిర్రుమంటుంది? షూటింగ్ ముందు రోజు ఒక గంట ఆ ఇంట్లో ఒంటరిగా కూర్చుని వినండి. సగం శబ్దాలు అక్కడే దొరుకుతాయి.

వినేది ఎక్కడ

ఫోనులో చూసేవాళ్ల కోసమైతే గుసగుసలు, గీరుళ్లు, ఊపిరి, అడుగులు. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటారనుకుంటే ఎడమ చెవిలో ఒక్కదానిలోనే వినపడే శబ్దాన్ని ఒకటి దాచుకోండి, చాలా దగ్గరగా తగులుతుంది. థియేటర్లో చుట్టూ స్పీకర్లుంటాయి కనుక తెర వెలుపల నుంచి అలికిడిని రప్పించవచ్చు, అయితే వెనక నుంచి వచ్చే శబ్దానికి జనం నిజంగానే తల తిప్పి తలుపువైపు చూస్తారు. ఆ క్షణంలో తెర మీద ముఖ్యమైనది ఉంచకండి. ఇంకొకటి, యూట్యూబ్ బిగ్గరగా ఉన్న వీడియోల స్థాయిని మొత్తంగా తగ్గించి వినిపిస్తుంది. చిత్రమంతా మోత మోగిస్తే, ఆ తగ్గింపులో మీ ఒకే ఒక్క పేలుడు కూడా చల్లబడిపోతుంది.

ఆ వంటింటికి నేనైతే

మనకు, ఆమెకు ఒకే సంగతి తెలుసు. కాబట్టి సంగీతం లేదు. హోరు లేదు. పేలుడును కూడా ఈ సన్నివేశానికి ఇవ్వను, దాచుకుంటాను.

మొదటి నలభై సెకన్లు ఫ్యాను శబ్దాన్ని ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువగా ఉంచుతాను. అందరి ఇళ్లలో ఉండేదే కనుక ఎవరూ దాన్ని పట్టించుకోరు. కరెంటు పోయాక రెక్కలు ఆగేదాకా ఒక్క కోత కూడా పెట్టను, పూర్తిగా ఆగనిస్తాను. తర్వాత రెండు సెకన్లు రూమ్ టోన్. అప్పుడు కుళాయి చుక్క. సింకులో ఉన్న స్టీలు గిన్నెలో పడుతుంది, కాబట్టి దానికి ఒక చిన్న స్వరం ఉంటుంది. చుక్కకూ చుక్కకూ మధ్య మూడు సెకన్లు, ప్రేక్షకుడు లెక్క పట్టుకునేలా ఐదారుసార్లు. గోడగడియారం చాలా దూరంగా.

పెరటి తలుపు అవతల కదలిక చుక్కల మధ్యనే రావాలి. ఎండుటాకు మీద ఒక్క అడుగు, దాన్ని నిజంగానే మూసిన తలుపు అవతల నుంచి రికార్డు చేస్తాను, ఎడిటింగ్‌లో మూగబరచను. ఆమె తల తిప్పుతుంది. మళ్లీ చుక్క. మళ్లీ ఒక అడుగు, కాస్త దగ్గరగా. ఆమె ఊపిరి బిగబడుతుంది కనుక ఆ ఊపిరి కూడా ట్రాకులోంచి తీసేస్తాను. ఇప్పుడు ప్రేక్షకుడు మూడో అడుగు కోసం చెవులు రిక్కించి ఉన్నాడు. చుక్క పడింది. మూడు సెకన్లు గడిచాయి. చుక్క పడాల్సిన వేళకు పడలేదు. కుళాయి ఎవరో కట్టేసినట్టు.

సరిగ్గా అప్పుడు కరెంటు వస్తుంది. దీపం వెలుగుతుంది, ఫ్యాను కదులుతుంది, వేగం అందుకుంటుంది, మొదట ఉన్నంత స్థాయికి చేరుతుంది. చుక్క పడుతోందో లేదో, అడుగు ఆగిందో ముందుకు వచ్చిందో ఆ ఫ్యాను మోతలో ఇక ఆమెకు వినపడదు, మనకూ వినపడదు. ఆమె స్విచ్చు వైపు చెయ్యి చాపుతుంది, ఫ్యాను ఆపడానికి. అక్కడ కట్ చేస్తాను.